చలి రోజుల్లో కోయి చేపల జబ్బులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా కొలనులో తొమ్మిది కోయి చేపలు ఉన్నాయి. వారం రోజులుగా నీటి ఉష్ణోగ్రత 8 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటోంది. చేపలన్నీ అడుగున కదలకుండా ఉంటున్నాయి. వాటిలో ఒకటి మాత్రం మిగతావాటికి దూరంగా, ఫిల్టర్ నీరు వచ్చి పడే గొట్టం దగ్గర, రెక్కలు ఒంటికి అంటించుకొని కాస్త ఒరిగి ఉంటోంది. దాని తోకలో ఎర్రటి సన్నని గీతలు కనిపిస్తున్నాయి. నీరసంగా ఉన్నాయని రోజూ మేత వేస్తున్నాను గాని సరిగా తినడం లేదు. దుకాణంలో ఇచ్చిన యాంటీబయాటిక్ పొడిని కొలనులో కలపమంటారా?

జవాబు: కారణాలు తరువాత చెబుతాను గాని, ముందు మేత వేయడం ఈ రోజే ఆపేయండి, ఆ పొడిని మూత తీయకుండా పక్కన పెట్టండి.

కోయి, అంటే కార్ప్ జాతికి చెందిన ఈ అలంకార చేప, శీతల రక్త జీవి. నీరు ఎంత చల్లగా ఉంటే దాని ఒళ్ళూ అంత చల్లగా ఉంటుంది. జీర్ణక్రియ, గాయం మానడం, రోగనిరోధక శక్తి, చివరకు మనం ఇచ్చిన మందు ఒంట్లోకి ఇంకి బయటకు పోవడం, అన్నీ ఆ చల్లదనం మేరకే నెమ్మదిస్తాయి. చలిలో జబ్బుపడిన చేపల విషయంలో పెంపకందారులు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ నెమ్మదిని లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల జరిగేవే. వేసవిలో రెండు మూడు రోజుల్లో కనిపించే గుణం ఇప్పుడు కనిపించలేదని కంగారుపడి, మందు మీద మందు వేసి, జబ్బుతో పోని చేపను మందులతో పోగొట్టుకుంటారు.

మీ ఉత్తరంలో రెండు విషయాలు కలిసిపోయాయి, వాటిని విడదీసి చూడాలి. 8 డిగ్రీల నీటిలో ఆరోగ్యంగా ఉన్న కోయిలు గుంపుగా అడుగుకు చేరి, నిటారుగా, మొప్ప మూతలను మెల్లగా కదుపుతూ ఉండిపోవడం మామూలే. అది జబ్బు కాదు, చలికాలపు విశ్రాంతి. బతికున్నాయో లేదో చూద్దామని కర్రతో కదిలించి ఆ విశ్రాంతిని చెడగొట్టవద్దు. ఆ ఒక్క చేపకు మాత్రం జబ్బు చేసిందనే అనుకోవాలి. గుంపును విడిచిపోవడం, రెక్కలు విప్పకపోవడం, గాలి ఎక్కువగా కలిసే చోటును వెతుక్కోవడం, ఈ మూడూ కలిసి కనిపించినప్పుడు మొదటి అనుమానం మొప్పల మీదికి, వాటిని తడుపుతున్న నీటి మీదికి పోవాలి. కొలను పక్కన కాసేపు చప్పుడు చేయకుండా కూర్చొని దాని మొప్ప మూతలను గమనించండి. రెండూ సమంగా తెరుచుకుంటున్నాయా, లేక ఒకటి బిగుసుకుపోయి రెండోదే ఆడుతోందా, పక్క చేపల కంటే వేగంగా కొట్టుకుంటున్నాయా అన్నది చూడండి. ఒక వైపే ఊపిరి సాగుతోందంటే రెండో వైపు మొప్పల్లో పరాన్నజీవులో, కుళ్ళో ఉండే అవకాశం ఎక్కువ.

తరువాతి పని నీటి పరీక్ష. చల్లటి నీటిలో ఆక్సిజన్ కరువు సాధారణంగా రాదు; 30 డిగ్రీల నీరు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను మాత్రమే పట్టి ఉంచగలిగితే, 10 డిగ్రీల నీరు 11 మిల్లీగ్రాములకు పైగా పట్టి ఉంచుతుంది. చిక్కు మరోచోట ఉంది. ఫిల్టర్‌లో ఉండి చేపల మలినాలను శుద్ధి చేసే బాక్టీరియా 10 డిగ్రీలకు దిగువన బాగా మందగిస్తుంది. మీరు రోజూ వేస్తున్న, చేపలు తినని మేత కుళ్ళి అమ్మోనియాగా మారుతుంటే దాన్ని విరిచేసే శక్తి ఆ ఫిల్టర్‌కు ఇప్పుడు లేదు. చలి వల్ల అమ్మోనియా విషయంలో కొంత వెసులుబాటు ఉన్నమాట నిజమే: పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన భాగం 25 డిగ్రీల దగ్గర 5 శాతానికి పైగా ఉంటుంది, 10 డిగ్రీల దగ్గర 2 శాతం లోపే ఉంటుంది. ఫిల్టర్ బాక్టీరియా అమ్మోనియాను విరిచేటప్పుడు మధ్యలో ఏర్పడే నైట్రైట్ విషయంలో ఆ వెసులుబాటును నమ్ముకోలేం. అది మొప్పల గుండా రక్తంలోకి చేరి, రక్తం ఆక్సిజన్‌ను మోసుకుపోయే శక్తినే దెబ్బతీస్తుంది కనుక, నీటి నిండా ఆక్సిజన్ ఉన్నా చేపకు ఊపిరాడదు. మొప్పలు ఎరుపు తగ్గి గోధుమ రంగుకు తిరుగుతాయి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాలి. వాటితో పాటు పీహెచ్‌ను, దాన్ని నిలకడగా ఉంచే కార్బొనేట్ కాఠిన్యాన్ని కూడా కొలవండి; వానలకు కాఠిన్యం పలుచబడిన కొలనుల్లో పీహెచ్ ఉన్నట్టుండి పడిపోతుంది.

నైట్రైట్ కనిపిస్తే ఉప్పు బాగా పనిచేస్తుంది, ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కు అడ్డుపడుతుంది. ఏ పదార్థమూ కలపని మామూలు గళ్ళుప్పును వెయ్యి లీటర్లకు ఒక కిలో చొప్పున విడిగా నీటిలో కరిగించి, ఒకేసారి కాకుండా రెండు రోజుల మీద పోయండి. కొలను పొడవు, వెడల్పు, లోతులను మీటర్లలో గుణించి, దాన్ని వెయ్యితో గుణిస్తే లీటర్లు వస్తాయి. ఈ లెక్క చేయకుండా కంటి అంచనాతో ఏ మందూ వేయకూడదు. ఉప్పు ఆవిరైపోదు కాబట్టి, నీరు మార్చినప్పుడు తీసిన నీటికి సరిపడా మాత్రమే మళ్ళీ కలపాలి. ఫిల్టర్‌లో జియొలైట్ రాళ్ళు ఉంటే ముందు వాటిని తీసేయండి. ఉప్పు తగలగానే అవి అప్పటివరకూ పట్టి ఉంచిన అమ్మోనియాను నీటిలోకి వదిలేస్తాయి. నీరు మార్చేటప్పుడు పదో వంతుకు కాస్త అటూ ఇటూగా, క్లోరిన్ తొలగించిన, కొలను నీటికి దగ్గర ఉష్ణోగ్రత ఉన్న నీటినే పోయండి.

మేత ఎందుకు వద్దంటున్నానంటే, కోయికి మనలాగా జీర్ణాశయం లేదు. తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. 10 డిగ్రీల కింద ఆ పేగు దాదాపు పనిచేయదు, అందులో చేరిన మేత అరగక నిలిచిపోతుంది. నీరసంగా ఉన్న ప్రాణికి తిండి పెట్టాలనిపించడం సహజమే గాని, వేసవిలోనూ ఆకురాలే కాలంలోనూ ఒంట్లో చేర్చుకున్న కొవ్వుతో ఆరోగ్యవంతమైన కోయి నెలల తరబడి మేత లేకుండా గడపగలదు.

యాంటీబయాటిక్ పొడి సంగతికి వస్తే, కొలనులో కలిపిన మందు చేప ఒంట్లోకి చేరేది స్వల్పం, ఇప్పటికే మందగించిన ఫిల్టర్ బాక్టీరియాకు మాత్రం దెబ్బ తగలవచ్చు. తోకలోని ఎర్ర గీతలు రక్తనాళాలు ఉబ్బడం వల్ల కనిపిస్తాయి. నీరు చెడినా, రాత్రికీ పగటికీ ఉష్ణోగ్రత బాగా మారుతున్నా, బాక్టీరియా రక్తంలో చేరినా అవి ఒకేలా ఉంటాయి. నీరు సరిచేశాక వారం పది రోజుల్లో గీతలు పలచబడితే మందు అవసరం లేదు. పొట్ట కింద ఎర్రని మచ్చలు, పుండ్లు, ఉబ్బిన కళ్ళు, నిక్కబొడుచుకున్న పొలుసులు కనిపిస్తే అది ఒంటి లోపలి జబ్బు. అప్పుడు చేపలను చూసే పశువైద్యుడు పుండు నుంచి నమూనా తీసి, ఏ మందుకు లొంగుతుందో పరీక్షించి, ఇంజెక్షన్ రూపంలో ఇవ్వాలి. మేత తినని చేపకు మేతలో కలిపి మందు ఇచ్చే దారి ఎలాగూ లేదు.

ప్రశ్న: మా ప్రాంతంలో కొలను మీద మంచు గడ్డకడుతుంది. చేపలకు గాలి అందదని భయపడి సుత్తితో పగలగొట్టాను. ఇది సరైనదేనా?

జవాబు: సుత్తి వాడకండి. ఆ దెబ్బల అదురు నీటిలో బలమైన ఒత్తిడి అలలుగా పోయి, అడుగున విశ్రమిస్తున్న చేపలకు తగులుతుంది. వేడినీళ్ళ గిన్నెను మంచు మీద పెట్టి ఒక రంధ్రం కరిగించి, అది మూసుకుపోకుండా తేలే హీటర్‌నో, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్‌నో వాడండి. ఎయిర్ స్టోన్‌ను అడుగున పెట్టవద్దు. నీటి సాంద్రత 4 డిగ్రీల దగ్గర అత్యధికం కనుక, పైన మంచు ఉన్నా అడుగున 4 డిగ్రీల నీరు నిలిచి ఉంటుంది; అడుగు నుంచి బుడగలు లేస్తే ఆ పొర చెదిరి కొలనంతా ఇంకా చల్లబడుతుంది. జలపాతం ఉంటే ఆపేయండి, అది కూడా నీటిని చల్లార్చే యంత్రమే. రాలిన ఆకులను మంచు పట్టకముందే వలతో తీసేయాలి, అడుగున పేరుకున్న బురదను మాత్రం చలికాలంలో కెలకకూడదు; అందులో చిక్కుకున్న హైడ్రోజన్ సల్ఫైడ్ పైకి వస్తే చేపలకు ప్రాణాంతకం.

ప్రశ్న: మా చేపల ఒంటి మీద ఉప్పు రవ్వల్లా తెల్లటి చుక్కలు వచ్చాయి. సీసా మీద రాసినట్టు తెల్లచుక్క మందును నాలుగు రోజులు వేశాను, తగ్గినట్టే తగ్గి రెండు వారాల తరువాత మళ్ళీ వచ్చాయి. ఇంకొన్ని చేపల మీద చుక్కలు లేవు గాని ఒంటిపై బూడిద రంగు పొర ఉంది, గోడలకు ఒళ్ళు రుద్దుకుంటున్నాయి. నీరు 11 డిగ్రీలు. మోతాదు పెంచాలా?

జవాబు: మోతాదు పెంచకూడదు, చికిత్సను సాగదీయాలి. తెల్లచుక్క జబ్బు తెచ్చే ఇక్తియోఫ్తిరియస్ అనే పరాన్నజీవి చేప చర్మం కింద దాక్కొని పెరుగుతుంది, తరువాత ఒంటిని విడిచి అడుగుకు చేరి గుల్ల కట్టుకొని వందల పిల్లలుగా చీలుతుంది, ఆ పిల్లలు మళ్ళీ చేపను వెతుక్కుంటూ ఈదుతాయి. కొలనులో వేసిన మందు వీటిలో స్వేచ్ఛగా ఈదే పిల్లలను మాత్రమే చంపుతుంది. చర్మం కింద ఉన్నవి, గుల్లలో ఉన్నవి క్షేమంగా ఉంటాయి. ఈ చక్రం 25 డిగ్రీల దగ్గర వారం లోపే పూర్తవుతుంది, 10 డిగ్రీల దగ్గర నెలకు పైగా పడుతుంది. సీసా మీది సూచన సాధారణంగా వెచ్చటి నీటిని దృష్టిలో పెట్టుకొని రాసిందే. మీరు ఆ నాలుగు రోజుల్లో ఈదుతున్నవాటిని చంపారు, మిగతావి తీరిగ్గా బయటికి వచ్చాయి. మందు తయారీదారు చల్లటి నీటికి ఇచ్చిన విరామాలను అడిగి తెలుసుకొని, చివరి చుక్క మాయమైన తరువాత కూడా ఇంకో విడత సాగించాలి. ఆ మందును ఎన్ని డిగ్రీలకు దిగువన వాడకూడదో కూడా సీసా మీద చూడండి.

బూడిద పొర వేరే కథ. దానికి ఎక్కువగా కాస్టియా, చిలోడొనెల్లా అనే పరాన్నజీవులు కారణమవుతాయి. ఈ రెండూ 10 డిగ్రీల లోపు చలిలో కూడా హుషారుగా పెరుగుతాయి. వాటిని అదుపులో పెట్టవలసిన చేప రోగనిరోధక శక్తి మాత్రం అప్పుడు నిద్రపోతుంటుంది. పొర అనిపించేది నిజానికి చేప తనను తాను కాపాడుకోవడానికి ఎక్కువగా విడుదల చేసిన జిగురే. ఏ పరాన్నజీవో కంటితో చెప్పలేం, మైక్రోస్కోపు కావలసిందే. చేపను నీటిలోనే గిన్నెలోకి మళ్ళించి, తడి చేతులతో పట్టుకొని, అద్దపు పలక అంచుతో మొప్ప మూత వెనక నుంచి తోక వైపుకు, పొలుసులు వాలిన దిశలోనే, మెల్లగా గీరితే చిటికెడు జిగురు వస్తుంది. దానిలో కొలను నీటి చుక్క ఒకటి కలిపి, పైన పలుచటి గాజు పలక మూసి, ఆరిపోకముందే చూడాలి. తెల్లచుక్క జీవి పెద్దది, లోపల గుర్రపు నాడా ఆకారంలో కేంద్రకం కనిపిస్తూ నెమ్మదిగా దొర్లుతుంది. ట్రైకొడైనా అనే మరో పరాన్నజీవి గుండ్రంగా, లోపల పళ్ళ చక్రంతో గిరగిర తిరుగుతుంది. కాస్టియా అతి చిన్నది, 400 రెట్లు పెంచి చూస్తే గాని తెలియదు; జిగురులో ఏదో మిణుకుమిణుకుమని కదిలినట్టు మాత్రమే ఉంటుంది. జిగురు తీసిన కొద్ది నిమిషాల్లో చూడకపోతే కాస్టియా చచ్చి కనిపించకుండా పోతుంది కనుక, నమూనాను డబ్బాలో పెట్టి ఎక్కడికో పంపడంలో అర్థం లేదు.

ఫార్మలిన్ (ఫార్మాల్డిహైడ్ ద్రావణం) వాడమని మీకు ఎవరైనా చెప్పవచ్చు. అది ఈ పరాన్నజీవుల మీద పనిచేసే మాట నిజమే గాని, చలిలో నిల్వ ఉంచిన ఫార్మలిన్ సీసా అడుగున తెల్లటి పదార్థం పేరుకుంటుంది. అది పారాఫార్మాల్డిహైడ్, చేపలకు తీవ్రమైన విషం. అలాంటి సీసాను వాడకుండా పారేయాలి. ఫార్మలిన్ నీటిలోని ఆక్సిజన్‌ను కూడా తగ్గిస్తుంది, కనుక ఎయిర్ పంపు నడుస్తుండగానే వాడాలి. పొటాషియం పర్మాంగనేట్‌తో దాన్ని ఎన్నడూ కలపకూడదు.

ప్రశ్న: మా ఎర్ర కోయి రెక్కల అంచున, తల మీద కొవ్వొత్తి మైనం కారి గడ్డకట్టినట్టు నున్నటి తెల్లని బొబ్బలు వచ్చాయి. మిగతా అన్ని విధాలా బాగానే ఉంది.

జవాబు: మీ వర్ణనను బట్టి అది కార్ప్ పాక్స్. సిప్రినిడ్ హెర్పిస్ వైరస్ 1 దీనికి కారణం. చల్లటి నీటిలో బయటపడి, నీరు 20 డిగ్రీలు దాటిన కొన్ని వారాలకు తనంతట తానే రాలిపోతుంది. దీనికి మందు లేదు, పెద్ద చేపలకు ప్రాణభయమూ లేదు. గీకితే పుండవుతుంది, ఆ పుండులోకి నిజమైన జబ్బు దిగుతుంది. ఏమీ చేయకండి.

ప్రశ్న: చేప ఒంటికి ఒక పక్కన ఉన్న పాత గాయం మీద దూదిలాంటి బూజు పట్టింది. ఇంట్లో తొట్టెలోకి తెచ్చి వెచ్చగా ఉంచితే మంచిదా?

జవాబు: మంచిదే, ఒకసారి తెచ్చాక వసంతం దాకా ఇంట్లోనే ఉంచగలనని మీకు నమ్మకం ఉంటే. ఆ దూది సాప్రొలెగ్నియా అనే బూజు. అది చచ్చిన కణజాలం మీద మొలుస్తుంది గాని ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని మొదట తానుగా తొలచదు. కాబట్టి బూజును తుడిచి మందు పూస్తే పని అయిపోదు, అసలు గాయం ఎందుకు మానలేదో చూడాలి. చలిలో గాయం మానదు, అందుకే వెచ్చదనం అవసరమవుతుంది.

తొట్టె పెద్ద చేపకు ఐదు వందల లీటర్లకు తగ్గకూడదు, మూత లేదా వల కప్పాలి, కోయి ఎగిరి దూకుతుంది. కొలను నీటితోనే తొట్టె నింపి, చేప అందులో చేరాక రోజుకు ఒకటి రెండు డిగ్రీలకు మించకుండా వేడి పెంచుతూ 18 నుంచి 20 డిగ్రీలకు తీసుకువెళ్ళండి. వేడెక్కిన కొద్దీ నీరు ఆక్సిజన్‌ను వదిలేస్తుంది, చేపకు మాత్రం ఎక్కువ ఆక్సిజన్ కావాలి, అందుచేత ఎయిర్ పంపు ఆగకూడదు. కొత్త తొట్టెలో ఫిల్టర్ బాక్టీరియా ఉండదు గనుక రోజూ అమ్మోనియా కొలిచి రోజూ కొంత నీరు మార్చవలసిందే. ఇంట్లో తొట్టెల్లో చనిపోయే చేపల్లో చాలావాటిని గాయం చంపదు, ఆ అమ్మోనియా చంపుతుంది. వెయ్యి లీటర్లకు మూడు కిలోల లెక్కన ఉప్పును రెండు మూడు విడతలుగా కలిపితే, గాయం గుండా చేప ఒంట్లోకి నీరు చొరబడే ఒత్తిడి తగ్గి దానికి ఊరట కలుగుతుంది. కోలుకుంటోందని మధ్యలో మళ్ళీ 8 డిగ్రీల కొలనులోకి వదిలితే చేసిన పనంతా వృథా అవుతుంది. బయటి నీరు లోపలి నీటికి దగ్గరయ్యే వరకూ ఆగాలి.

ప్రశ్న: చలి తగ్గుముఖం పట్టింది, నీరు 12 నుంచి 16 డిగ్రీల మధ్య ఉంటోంది. మేత మొదలుపెట్టవచ్చా? చలికాలమంతా బాగున్న చేపల్లో రెండు ఇప్పుడే చనిపోయాయి, కిందటి నెలలో ఒక కొత్త చేపను కూడా కలిపాము.

జవాబు: ఏడాది మొత్తంలో కోయిలకు అన్నిటికంటే ప్రమాదకరమైన వారాలు ఇవే. బాక్టీరియా, పరాన్నజీవులు చేపల రోగనిరోధక శక్తి కంటే ముందే మేలుకుంటాయి, అప్పటికి చేపల ఒంట్లో నిల్వలు అయిపోయి ఉంటాయి. మేత గురించి చెప్పాలంటే, ఉదయం పూట లోతులో కొలిచిన ఉష్ణోగ్రత వరసగా కొన్ని రోజులు 10 డిగ్రీలకు పైన నిలిస్తే తేలిగ్గా అరిగే వీట్‌జెర్మ్ (గోధుమ గింజలోని మొలక భాగం) మేతను కొద్ది నిమిషాల్లో తినేసేంత మాత్రమే, రోజు విడిచి రోజు వేయండి. 15 దాటాక మామూలు మేతకు మెల్లగా మళ్ళవచ్చు. జబ్బు నడుస్తున్న కొలనులో మాత్రం సంగతి తేలేదాకా మేత వద్దు.

కొత్త చేప సంగతి నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. ఈ ఉష్ణోగ్రతల్లో వచ్చే వైరస్ జబ్బులు మూడు ఉన్నాయి. కార్ప్ జాతికి వసంతకాలంలో వచ్చే వైరీమియా (రక్తంలో వైరస్ చేరడం) ఎక్కువగా 18 డిగ్రీల లోపు నీటిలో, ఉబ్బిన పొట్ట, సూది మొనంత రక్తపు చుక్కలతో కనిపిస్తుంది. కోయి హెర్పిస్ వైరస్ 16 నుంచి 28 డిగ్రీల మధ్య చెలరేగుతుంది, మొప్పల్లో తెలుపూ ఎరుపూ మచ్చలు, లోపలికి పోయిన కళ్ళు దాని గుర్తులు, సోకిన కొలనులో ఎక్కువ చేపలు పోతాయి. కోయి నిద్ర జబ్బులో చేపలు అడుగున పక్కకు ఒరిగి పడుకొని, కదిలిస్తే కాస్త ఈది మళ్ళీ పడిపోతాయి. వెయ్యి లీటర్లకు ఐదు కిలోల ఉప్పు దీనిలో మరణాలను తగ్గిస్తుంది గాని వైరస్‌ను చంపదు. మొదటి రెండూ ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ జాబితాలో ఉన్న జబ్బులు. హెర్పిస్ సోకి బతికిన చేప చూడటానికి నిక్షేపంగా ఉంటూనే వైరస్‌ను మోస్తుంది, అది కూడా చల్లటి నీటిలో ఉన్నంతకాలం ఏ లక్షణమూ చూపకుండా ఉండగలదు. అందుకే చలికాలంలో కొన్న చేపను చల్లటి నీటిలోనే నెల రోజులు విడిగా ఉంచినా అది క్వారంటైన్ అనిపించుకోదు. దాన్ని 23, 24 డిగ్రీల నీటిలో మూడు నాలుగు వారాలు ఉంచి చూడాలి.

మీ కొలనులో ఇప్పుడు చేయవలసింది పరీక్ష. చేపల జబ్బులు చూసే పశువైద్యునికో, పశు వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకో ముందుగా ఫోన్ చేసి, వారు ఎలా తెమ్మంటే అలా తీసుకువెళ్ళండి. జబ్బు లక్షణాలు చూపుతున్న సజీవ చేప అన్నిటికంటే పనికివస్తుంది. అది వీలుకాకపోతే అప్పుడే చనిపోయిన చేపను సంచిలో వేసి మంచు ముక్కల మధ్య ఉంచండి గాని ఫ్రీజర్‌లో గడ్డకట్టించకండి. నీటి మీద తేలి కొన్ని గంటలు గడిచిన చేప నుంచి పెద్దగా ఏమీ తెలుసుకోలేరు. కొలను నీటిని వేరే సీసాలో పట్టండి, చేపను వేసిన సంచిలోని నీరు ఆ పరీక్షకు పనికిరాదు. ఫలితం వచ్చేదాకా ఆ కొలను నుంచి చేపలను గాని, మొక్కలను గాని, వలలను గాని మరో కొలనుకు తీసుకువెళ్ళకండి.